చిరునామాల కౌలు: సర్వరు చిట్టాను చదువుట ఎట్లు?

ఒక ఊరిలో ఒక ఇంటిని అద్దెకు తీసికొన్న వానికి ఆ ఇంటి నంబరే చిరునామా అగును. అతడు ఖాళీ చేసిపోయిన పిమ్మట అదే నంబరు మరియొకరి చిరునామా అగును. రెండు సంవత్సరముల క్రిందట ఆ ఇంటికి వచ్చిన బాకీ పత్రమును పట్టుకొని, నేడు ఆ ఇంటిలో నున్న వానిని నిలదీసినచో అది న్యాయము కాదు. ఆ దినమున ఆ ఇంట కాపురమున్న వారెవరో ముందు తెలిసికొనవలెను. అందుకు ఇంటి యజమాని వ్రాసిపెట్టుకొన్న పుస్తకము కావలెను. ఆ పుస్తకమును సరిగా చదువు నేర్పును కావలెను.

నేడు పాఠశాలలోని కంప్యూటర్లకు, ఉపాధ్యాయుల ఫోన్లకు, విద్యార్థుల ల్యాప్‌టాపులకు ఇట్టి అద్దె చిరునామాలే లభించుచున్నవి. వాటిని పంచిపెట్టు సర్వరు కూడ ఒక పుస్తకమును వ్రాయుచుండును. ఆ పుస్తకములో “ఈ చిరునామా ఎవరిది?” అని వెదకిన వారికి ఒకప్పుడు సరియైన సమాధానము, మరొకప్పుడు తప్పు సమాధానము దొరకుట తరచుగా జరుగును. సర్వరు చెడిపోయినదని పలువురు తలచెదరు. కాని చాల సందర్భములలో చెడినది సర్వరు కాదు. పుస్తకమును చదివిన పద్ధతి.

చిరునామా అననేమి?

నెట్‌వర్కులోని ప్రతి యంత్రమునకు ఒక సంఖ్య ఉండవలెను. అదియే ఐ.పి. చిరునామా. విశేషముగా వాడుకలోనున్న నాలుగవ రూపములో ఈ సంఖ్యకు 32 బిట్లు. దానిని నాలుగు భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమును 0 మొదలు 255 వరకు గల అంకెలతో 192.168.10.57 అను రీతిగా వ్రాయుదురు. ఇట్టి సంఖ్యలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. ఒక పాఠశాల తన లోపలి వాడుకకు 192.168.10 తో ప్రారంభమగు సంఖ్యలను పెట్టుకొన్నదనుకొందము. కడపటి భాగములో 256 సంఖ్యలు గలవు. అందు మొదటిది ఆ నెట్‌వర్కునకే పేరు. చివరిది అందరికి ఒక్కసారి చాటుటకు ఉద్దేశింపబడినది. మిగిలిన 254 మాత్రమే యంత్రములకు ఉపయోగపడును.

ఈ సంఖ్యలను ఒక్కొక్క యంత్రములో చేతితో వ్రాయుట కష్టము. ఇద్దరికి ఒకే సంఖ్య పడిన యెడల రెండు యంత్రములును తికమక పడును. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ అను వారు బూట్‌పి అను నియమావళిని ప్రకటించిరి. అందులో యంత్రము తన సంఖ్యను సర్వరును అడిగి తెలిసికొనును. కాని ఏ యంత్రమునకు ఏ సంఖ్యయో సర్వరులో ముందుగా వ్రాసియుంచవలెను; ఒకసారి ఇచ్చినది శాశ్వతము. తరువాత 1993లో రాల్ఫ్ డ్రామ్స్ పేరుతో డి.హెచ్.సి.పి. అను నియమావళి వెలువడినది. 1997లో సవరింపబడిన దాని రూపమే నేటికిని ఆధారము. ఇందులోని ముఖ్యమైన నూతన భావము కౌలు. చిరునామాను దానముగా గాక, గడువు పెట్టి కౌలుకు ఇచ్చుట.

కౌలు కుదురు విధము

క్రొత్తగా మేల్కొన్న యంత్రమునకు తన చిరునామా తెలియదు. సర్వరు చిరునామాయు తెలియదు. కనుక అది “ఇచ్చట చిరునామాలు ఇచ్చువారెవరైన గలరా?” అని అందరికి వినబడునట్లు కేక వేయును. ఇది మొదటి సందేశము, డిస్కవర్. దానిని విన్న సర్వరు తనవద్ద ఖాళీగానున్న ఒక చిరునామాను చూపును. ఇది ఆఫర్. యంత్రము “అదియే నాకు కావలెను” అని కోరును. ఇది రిక్వెస్ట్. సర్వరు “ఇచ్చితిని, గడువు ఇంత” అని ఒప్పుకొనును. ఇది ఆక్. సర్వరు 67వ ద్వారము వద్దను, అడుగు యంత్రము 68వ ద్వారము వద్దను ఈ సందేశములను వినును.

గడువు పూర్తియగు వరకు యంత్రము ఊరకుండదు. సాధారణముగా గడువులో సగము గడవగనే తనకు కౌలు ఇచ్చిన సర్వరునే పొడిగింపు అడుగును. జవాబు రానిచో ఎనిమిదింట ఏడు వంతులు గడచినప్పుడు ఏ సర్వరైనను సరేయని అందరిని అడుగును. 24 గంటల కౌలులో ఈ సమయములు 12వ గంట, 21వ గంట. అప్పటికిని పొడిగింపు దొరకక గడువు తీరిన యెడల ఆ చిరునామాను విడువవలెను. ఇట్లు దిక్కులేని యంత్రములు పెక్కు 169.254 తో మొదలగు చిరునామాను తమంతట తామే పెట్టుకొనును. కనుక ఒక యంత్రము మీద అట్టి సంఖ్య కనిపించినచో దానికి కౌలు కుదరలేదని వెంటనే గ్రహింపవచ్చును.

చిట్టాయా, ఆవర్జాయా?

మన వర్తకుల లెక్కలలో రెండు పుస్తకములు ప్రసిద్ధములు. చిట్టాలో దినమునకు దినము జరిగిన ప్రతి వ్యవహారము, జరిగిన వరుసనే, ఒకదాని క్రింద ఒకటి వ్రాయబడును. ఆవర్జాలో ఒక్కొక్క ఖాతాదారునకు ఒక్కొక్క పుట ఉండును; అతని నిలువ ఎంతయో అందు తేలును. చిట్టాను తెరచి ఒకని పేరు మొదట కనబడిన చోటనే ఆగి, “ఇతని బాకీ ఇంత” అని చెప్పువాడు తప్పక పొరబడును. ఆ పేరు క్రింద ఇంకను పది పద్దులు ఉండవచ్చును.

చిరునామాలు పంచు ప్రోగ్రాములలో ఐ.ఎస్.సి. అను సంస్థ తయారు చేసినది చిరకాలము విస్తారముగా వాడబడినది. 2022లో ఆ సంస్థ దానికి మరమ్మతులు చేయుట ముగించి, కియా అను క్రొత్త ప్రోగ్రామును వాడవలసినదిగా సూచించినది. ఆ పాత ప్రోగ్రాము వ్రాయు కౌలు ఫైలు ఆవర్జా కాదు, చిట్టా. కౌలు క్రొత్తగా ఇచ్చినను, పొడిగించినను, యంత్రము విడిచిపెట్టినను ఫైలు చివర ఒక క్రొత్త పద్దు చేరును. పాత పద్దు కొట్టివేయబడదు. ఒక చిరునామాకు పెక్కు పద్దులున్నప్పుడు చివరిదే చెల్లును.

ఇట్లు వ్రాయుటకు మంచి కారణము కలదు. ఫైలు నడుమ దిద్దుచుండగా విద్యుత్తు పోయినచో పాతదియు, క్రొత్తదియు రెండును చెడును. చివర చేర్చుట మాత్రమే చేసినచో, మహా అయిన చివరి పద్దు ఒక్కటి సగములో నిలిచిపోవును, పైవన్నియు భద్రము. సర్వరు సాధారణముగా పద్దును డిస్కు మీద వ్రాసిన తరువాతనే ఆక్ పంపును. మాట ఇచ్చుటకు ముందు వ్రాసికొనుట అన్నమాట.

చిట్టా పెరుగుచునే యుండిన డిస్కు నిండును. అందువలన సర్వరు అప్పుడప్పుడు దానిని శుభ్రపరచును. అప్పటికి తెలిసియున్న కౌలులన్నిటిని ఒక క్రొత్త ఫైలులో వ్రాసి, పాతదానికి పేరు మార్చి ప్రక్కనబెట్టి, క్రొత్తదానికి అసలు పేరు పెట్టును. అప్పుడు ఒక్కొక్క చిరునామాకు ఒక్కొక్క పద్దే మిగులును. చదువువారిని తికమకపెట్టు చిక్కులలో సగము ఈ పేరు మార్పులోనే ఉన్నవి.

ఒక ఉదాహరణము

ఒక ఉన్నత పాఠశాలలో కౌలు గడువు ఒక గంట అనుకొందము. 2024 మార్చి 11వ తేదీ ఉదయము 11 గంటల 10 నిమిషములకు 192.168.10.57 అను చిరునామా నుండి ఎవరో పరీక్షపత్రములున్న ఫైలును తెరచుటకు యత్నించిరని ఆ ఫైలున్న యంత్రము మీద గుర్తు పడినది. ఆ సాయంకాలము ప్రధానోపాధ్యాయుడు ఆ చిరునామా ఎవరిదో చెప్పవలసినదిగా కోరెను. కౌలు చిట్టాలో ఆ చిరునామాకు ఈ క్రింది పద్దులున్నవి. గడువు తీరి ఖాళీయైనట్లు తెలుపు ఒక పద్దు సౌలభ్యమునకై విడువబడినది.

1. ఆరంభము 03:20, అంత్యము 04:20. గ్రంథాలయములోని యంత్రము. చెల్లుబాటులో నున్నది.
2. ఆరంభము 03:20, అంత్యము 04:02. గ్రంథాలయములోని యంత్రము. విడిచిపెట్టినది, ఖాళీ.
3. ఆరంభము 05:15, అంత్యము 06:15. ప్రయోగశాలలోని యంత్రము. చెల్లుబాటులో నున్నది.
4. ఆరంభము 05:45, అంత్యము 06:45. ప్రయోగశాలలోని యంత్రము. చెల్లుబాటులో నున్నది.
5. ఆరంభము 10:50, అంత్యము 11:50. ఒక విద్యార్థి ల్యాప్‌టాపు. చెల్లుబాటులో నున్నది.

మొదట కనబడిన పద్దుతో ఆగువాడు “గ్రంథాలయ యంత్రము” అనును. గడియారపు అంకెలను ఉన్నవున్నట్లు పోల్చువాడు 11:10 అనునది 10:50కి, 11:50కి నడుమ ఉన్నది గనుక “విద్యార్థి ల్యాప్‌టాపు” అనును. పాపము, ఆ విద్యార్థి దోషి యగును.

కాని ఈ ఫైలులోని కాలము, ప్రత్యేకముగా మార్చినప్పుడు తప్ప, సార్వత్రిక కాలము. భారత ప్రామాణిక కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందుండును. మన 11:10 లో నుండి 5:30 తీసివేసిన 05:40 వచ్చును. అది మూడవ పద్దులోని 05:15కి, 06:15కి నడుమ పడును. అనగా ఆ సమయమున చిరునామా ప్రయోగశాల యంత్రమునకు కౌలులో నున్నది. విద్యార్థి ల్యాప్‌టాపునకు అది దొరకినది మన కాలమున సాయంకాలము 4 గంటల 20 నిమిషములకు, అనగా ఆ సంఘటన జరిగిన అయిదు గంటలకు పైబడిన తరువాత.

ఒకే ఫైలు, ఒకే ప్రశ్న. చదివిన తీరును బట్టి మూడు సమాధానములు. ఇందు సరియైనది ఒక్కటే. అంతకంటె గమనింపవలసినది మరియొకటి కలదు. ఆ సాయంకాలము 4 గంటల 30 నిమిషములకు సర్వరు ఫైలును శుభ్రపరచినదనుకొందము. అప్పుడు మొదటి నాలుగు పద్దులును పోయి, అయిదవది మాత్రమే మిగులును. దానిని మాత్రమే చూచిన వానికి విద్యార్థి ల్యాప్‌టాపు తప్ప మరియొకటి కనబడదు. సత్యము చెప్పు పద్దు ఆ ఫైలులో లేనే లేదు.

పొరపాట్లు పుట్టు చోట్లు

కాలము. పైన చూపిన 5:30 తేడాయే గాక, తేదీ మార్పు కూడ కలదు. మన దేశములో అర్ధరాత్రి మొదలు తెల్లవారుజామున 5:30 వరకు జరిగినవి చిట్టాలో ముందు దినపు తేదీతో ఉండును. ఇంకొక సంగతి: రెండు యంత్రముల గడియారములు ఒకటిగా నడవవలెను. ఒకటి పది నిమిషములు వెనుకబడిన యెడల లెక్క ఎంత జాగ్రత్తగా చేసినను ఫలము తప్పును.

వెదకు తీరు. 192.168.10.5 అను అక్షరముల కొరకు వెదకు ప్రోగ్రామునకు 192.168.10.50 మొదలు 59 వరకు గల చిరునామాలన్నియు దొరకును. ఏలయన వాటన్నిటిలోను ఆ అక్షరములు గలవు. 5వ నంబరు వానిని అడిగిన 57వ నంబరు వానిని చూపుట ఇట్లు జరుగును. చిరునామా ముగిసిన చోటును కూడ పోల్చవలెను.

పేరు మార్పు. యూనిక్సు వంటి వ్యవస్థలలో ఫైలు వేరు, దాని పేరు వేరు. ఒక ప్రోగ్రాము ఫైలును తెరచి పట్టుకొనియున్నప్పుడు సర్వరు పేరు మార్చినచో, ఆ ప్రోగ్రాము చేతిలో మిగులునది ప్రక్కన బెట్టిన పాత ఫైలే. క్రొత్త పద్దులు క్రొత్త ఫైలులో పడుచుండును. పాతదానిని పట్టుకొన్నవానికి అవి కనబడవు. ప్రోగ్రామును ఆపి మరల నడపగనే అంతయు సరిపోవును. కొంత సేపటికి మరల తప్పును. ఒకప్పుడు పనిచేసి, మరొకప్పుడు చేయని వెదకుడునకు ఇది ముఖ్యమైన కారణము. ప్రతి ప్రశ్నకు ఫైలును క్రొత్తగా తెరచుటయే దీనికి మందు.

సగము వ్రాసిన పద్దు. సర్వరు వ్రాయుచున్న క్షణముననే చదివినచో చివరి పద్దు అసంపూర్ణముగా నుండవచ్చును. ముగింపు గుర్తు లేని పద్దును లెక్కలోనికి తీసికొనక, కొంచెము ఆగి మరల చదువవలెను.

స్థితి. పద్దులో చెల్లుబాటు అని ఉన్నంతమాత్రమున చాలదు. అంత్యకాలము దాటలేదని కూడ చూడవలెను. మరియు కొన్ని చిరునామాలకు పరిత్యక్తము అను స్థితి ఉండును. తాను ఇవ్వని చిరునామాను మరెవరో వాడుచున్నట్లు కనిపెట్టినప్పుడు సర్వరు దానిని అట్లు గుర్తించి ప్రక్కన బెట్టును. అట్టివి పెక్కు కనబడిన యెడల ఎవరో చేతితో చిరునామా పెట్టుకొన్నారని అనుమానింపవలెను.

గుర్తింపు. సర్వరు యంత్రమును దాని హార్డ్‌వేరు సంఖ్యతో మాత్రమే గుర్తించునని తలచుట పొరపాటు. యంత్రము వేరుగా ఒక గుర్తింపు పదమును పంపినచో సర్వరు దానికే ప్రాధాన్యమిచ్చును. ఒకే కంప్యూటరులో రెండు నిర్వాహక వ్యవస్థలున్నప్పుడు అవి వేర్వేరు గుర్తింపులు పంపవచ్చును. అప్పుడు ఒకే హార్డ్‌వేరు సంఖ్య క్రింద రెండు కౌలులు కనబడును. అందు ఇటీవల మాట్లాడినది ఏదియో చూచి నిర్ణయింపవలెను. ఫోన్ల విషయము ఇంకను చిత్రమైనది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 14 మొదలుగా ఫోన్లు తమ అసలు హార్డ్‌వేరు సంఖ్యకు బదులు కల్పిత సంఖ్యను వాడుట పరిపాటియైనది. తన యజమాని జాడ తెలియకుండుటకు ఇది మేలే. కాని ఆ సంఖ్యను బట్టి ఫోను ఫలానావారిదని చెప్పుట కష్టము.

రెండవ సర్వరు. పెద్ద సంస్థలలో ఒకటి ఆగినను పని ఆగకుండుటకు రెండు సర్వర్లను జతగా నడుపుదురు. అప్పుడు రెండు చిట్టాలును చూడవలెను. ఇదిగాక, ఎవరైన ఇంటినుండి తెచ్చిన చిన్న రౌటరును తెలియక తగిలించినచో అదియు చిరునామాలు పంచును. దాని పంపకము మన సర్వరు చిట్టాలో ఏనాటికిని కనబడదు.

వరుసగా పరీక్షించుట

వైద్యుడు మొదట నాడి చూచినట్లు, ఇందును ఒక వరుస పాటించుట మేలు. మొదట సర్వరు గడియారమును, ఫిర్యాదు వచ్చిన యంత్రపు గడియారమును పోల్చవలెను. తరువాత చదువుచున్న ఫైలు నిజముగా సర్వరు నేడు వ్రాయుచున్న ఫైలేనా అని చూడవలెను. ఒక యంత్రమునకు క్రొత్తగా కౌలు ఇప్పించి, ఆ పద్దు ఫైలు చివర కనబడినదా అని పరీక్షించిన చాలును. మూడవది, ఆ చిరునామాకు గల పద్దులన్నిటిని బయటికి తీసి, చివరిదానిని పట్టుకొనవలెను. నాలుగవది, దాని స్థితిని, అంత్యకాలమును కలిపి చూడవలెను. అయిదవది, నెట్‌వర్కు మీదనే “ఈ చిరునామా గలవారెవరు?” అని అడిగి, వచ్చిన హార్డ్‌వేరు సంఖ్యను చిట్టాతో పోల్చవలెను. రెండును ఏకీభవించిన యెడల సమాధానమును నమ్మవచ్చును. భేదించినచో చేతి చిరునామా గాని, రెండవ సర్వరు గాని ఉన్నదని గ్రహింపవలెను.

చిట్టాను చదువుటకంటె సర్వరునే నేరుగా అడుగుట ఇంకను మేలు. 2006లో ఇందుకొరకే లీజ్‌క్వెరీ అను అనుబంధ నియమము ఏర్పడినది. చిరునామాతో గాని, హార్డ్‌వేరు సంఖ్యతో గాని, గుర్తింపు పదముతో గాని అడుగవచ్చును. “కౌలులో నున్నది”, “నా అధీనమే, కాని ఎవరికిని ఇవ్వలేదు”, “నాకు తెలియదు” అని సర్వరు మూడు విధములుగా బదులు చెప్పును. ఇవ్వలేదనుటకు, తెలియదనుటకు గల భేదము ముఖ్యమైనది. ఫైలులో వెదకువానికి రెండును “దొరకలేదు” అనియే కనబడును. కియాలో కౌలు వివరములను మైఎస్‌క్యుఎల్, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులలో ఉంచు సౌకర్యము కూడ కలదు. అది ఆవర్జా వంటిది. కాని కియా కౌలులను ఫైలులో వ్రాయునట్లు అమర్చినప్పుడు అదియు చిట్టా పద్ధతినే అనుసరించునని మరువరాదు.

నేడు ఎవరు, నాడు ఎవరు?

ఇంతవరకు చెప్పినదంతయు “ఇప్పుడు ఈ చిరునామా ఎవరిది?” అను ప్రశ్నకు వర్తించును. “ఆనాడు ఎవరిది?” అనునది వేరొక ప్రశ్న. దానికి కౌలు ఫైలు సాక్ష్యము కాదు. శుభ్రపరచుటలో పాత పద్దులు పోవునని చూచితిమి కదా. గతమునకు సాక్ష్యము సర్వరు దినచర్య, అనగా లాగు. ప్రతి ఆక్ సందేశము పంపినప్పుడు అందు సమయము, చిరునామా, హార్డ్‌వేరు సంఖ్య ఒక పంక్తిగా వ్రాయబడును. ఈ దినచర్యలో కాలము తరచుగా స్థానిక కాలములో ఉండును. కౌలు ఫైలులో సార్వత్రిక కాలము. రెండింటిని కలిపి చదువువారు ఏది ఏ కాలమో ముందు నిర్ణయించుకొనవలెను. దినచర్యను ఎన్ని దినములు భద్రపరచవలెనో కూడ ముందే ఏర్పాటు చేయవలెను. అవసరము వచ్చిన నాడు వెదకిన అది చెరిగిపోయి ఉండవచ్చును.

పై ఉదాహరణములో దినచర్యను చూచినవారికి ఉదయము 10:45కి, 11:15కి ప్రయోగశాల యంత్రమునకు పంపిన ఆక్ పంక్తులు కనబడును. రెండవది గంట గడువులో సగము గడచినప్పుడు అడిగిన పొడిగింపు. ఆ రెండు పంక్తులే ఆ విద్యార్థిని నిందనుండి తప్పించును. అంతమాత్రమున దోషి తేలినాడని కూడ అనరాదు. చిరునామా యంత్రమును మాత్రమే చూపును. ఆ యంత్రము ముందు కూర్చున్న మనిషిని చూపదు. దానికి ప్రయోగశాలలోని హాజరు పుస్తకము కావలెను.

తరగతిలో చేయదగిన పని

విండోస్ ఉన్న కంప్యూటరులో ఆజ్ఞల కిటికీని తెరచి, ఐపికాన్ఫిగ్ అను ఆజ్ఞకు ఆల్ అను పదమును గీటుతో చేర్చి ఇచ్చినచో, కౌలు దొరకిన సమయము, గడువు తీరు సమయము కనబడును. విద్యార్థులు వాటిని వ్రాసికొని గడువెంతయో లెక్కకట్టవలెను. తరువాత సగము గడువు దాటిన పిమ్మట మరల చూడవలెను. గడువు తీరు సమయము ముందుకు జరిగియుండును. సర్వరు చిట్టాలో ఆ పద్దును ఉపాధ్యాయుడు చూపగలిగినచో, 5 గంటల 30 నిమిషముల తేడాను విద్యార్థులు తామే కనిపెట్టగలరు.

యంత్రము వ్రాసినది గనుక అబద్ధముండదని పలువురి నమ్మకము. యంత్రము తాను వ్రాయవలసిన రీతిని వ్రాసినది, అది నిజమే. ఆ వ్రాత దేనిని గూర్చి, ఏ కాలపు లెక్కతో, ఎంతవరకు చెప్పగలదో ఎరిగి చదువుట మాత్రము మనిషి పని. ఆ ఎరుక లేనినాడు చక్కని చిట్టాయే నిరపరాధి మీదికి వ్రేలు చూపును.